మూడో తోముడు

“మళ్లీ తోమాలి,” అంది ఇంజనీరు సారిక.

ఆమె చేతిలోని తెల్ల రుమాలు మీద ఎర్రటి చార పడింది. శ్లాబు కోసం అల్లిన ఇనుప ఊచల్లో ఒక్కదాన్ని రుద్దినందుకే అంత తుప్పు.

రూతు వేళ్లు పట్టు తప్పి వైరు బ్రష్షు జారిపోయింది. మొగుడు జీవరాజు తీసి మళ్లీ ఆమె చేతిలో పెట్టాడు.

“రెండుసార్లు తోమాం మేడమ్ గారూ,” అంది రూతు. “ నిన్న సాయంత్రం తళతళలాడాయండి. తెల్లారేసరికి ఇలాగైపోయాయి.”

“మొగల్తూరు గాలమ్మా, అంతా ఉప్పే. తుప్పు మీద పోస్తే నాలుగేళ్లకే పెచ్చులూడతాయి. మూడింటికి వస్తాను. రుమాలు తెల్లగా ఉంటేనే కాంక్రీటు.”

“ఇవాళ పడకపోతే రేపు పోస్తాం,” అన్నాడు మేస్త్రీ యుగంధర్. “కాంక్రీటు కలిపే మిల్లరు రేపటిదాకానే మన దగ్గరుంటుంది. మీరిద్దరూ రావాల్సిందే.”

“రేపు ఆదివారమండి. మనవరాలికి బాప్తిస్మం. పాలకొల్లు వెళ్లాలి.”

“అయితే మాటలాపి తోము. పాపనెత్తుకుని పాస్టరుగారు నీకోసం కూర్చోరు.”

కారు పట్టేంత చిన్న శ్లాబే. వంగి తోమేవాళ్లకి మాత్రం చిన్నది కాదు. ఎర్రటి పొడి చెమటలో కలిసి మోచేతుల దాకా కారుతోంది. రూతు కుడిచెయ్యి లేవనంటే ఎడమచేత్తో తోమింది.

“ముప్పై ఏళ్లు కోతలు కోశా. నా కొడవలికి ఏనాడూ ఇంత తుప్పు లేదు,” అని గొణిగాడు జీవరాజు.

“పాప సామానంతా సర్దావా?” అంది రూతు.

“సంచిలో ఉంది. గౌను, కొబ్బరినూనె, బిస్కెట్లు.”

పదకొండింటికి అతను మంచినీళ్లకి వెళ్లాడు. అప్పుడే యుగంధర్ పక్క చెక్కలకి డబ్బాలోంచి నూనె రాస్తున్నాడు. ఒక చుక్క ఊచ మీద పడేసరికి తానే గబగబా గుడ్డతో తుడిచాడు.

“చుక్కకే అంత కంగారేంటండి?” అంది రూతు.

“చెక్కకి నూనె రాసేది సిమెంటు అంటుకోకూడదనమ్మా. ఊచకి తగిలితే దానికీ పట్టదు. అప్పుడిక శ్లాబెక్కడిది? నెత్తిమీద పడుతుంది.”

రెండింటికల్లా ఆఖరి ఊచ తోమారు. రూతు అక్కడే ఖాళీ సిమెంటు సంచుల మీద కూలబడింది.

“మూడయ్యేలోగా మళ్లీ ఎర్రబడితే?”

“నేను చూసుకుంటాగా. నువ్వు నడుం వాల్చు.”

ఆమె కళ్లు అప్పటికే మూతపడ్డాయి.

లేచేసరికి సారిక ఊచ మీద రుమాలు రుద్దుతోంది. రూతు ఊపిరి బిగబట్టింది. సారిక రుమాలు తిప్పి చూసింది. ఎరుపన్నది లేదు.

“ఇదీ పనంటే! తిప్పించండి మేస్త్రీ.”

మిల్లరు గరగరమంటూ తిరగడం మొదలెట్టింది. జీవరాజు మొహం వెలిగిపోతోంది. ఒక్కడే కూర్చుని ఇంకోసారి తోమాడు కాబోలు, పిచ్చిమానవుడు అనుకుంది రూతు. రేపు పొద్దున్నే బస్సెక్కితే ప్రార్థన మొదలయ్యేసరికి అందుకోవచ్చు. మొహం తుడుచుకుందామని తువ్వాలు కోసం సంచి తెరిచింది.

గౌను ఉంది. బిస్కెట్లు ఉన్నాయి. నూనె సీసా ఖాళీగా ఉంది.

ఆమె తలెత్తి ఊచల వంక చూసింది. ఎండలో అవి మెరుస్తున్నాయి. తోమితే వచ్చే మెరుపు కాదది. మొదటి కాంక్రీటు తట్ట అప్పుడే పైకి లేస్తోంది. గౌను వైపు ఒకసారి చూసి సంచి మూసేసింది.

“ఆపండి! మేడమ్ గారూ, పొయ్యొద్దండి!”

తట్ట గాల్లోనే ఆగింది.

“ఏంటమ్మా, రేపు బాప్తిస్మానికి వెళ్లవా?” అని కసిరాడు యుగంధర్.

జీవరాజు నవ్వుతూ అడ్డొచ్చాడు.

“సీసా ఖాళీ అయిందని దాని గోలండి. పోనీలేవే, పాపకి ఇంకోటి కొందాం. మన కొడవలికి రాసినట్టే రాశా, ఒక్క ఊచ కూడా వదల్లేదు!”