తప్పుల మాస్టారి లెక్క

"పద్నాలుగు, పదకొండు," అంటూ బోర్డు మీద సుద్దముక్కతో రాశాడు తప్పుల మాస్టారు.

టైలరుకు ఒళ్లు మండిపోయింది.

"పద్నాలుగేంటండీ? పదిహేను! కళ్లు మూసుకుని కూర్చున్నారా?"

"తెరుచుకునే ఉన్నానయ్యా. షటిల్ కాక్ లైను అవతల పడింది."

"లైను మీదే పడింది! కావాలంటే డ్రైవరుగారిని అడగండి."

నెట్‌కు అవతల ఆడుతున్న బస్సు డ్రైవరు నిజాయితీపరుడు. పాయింటు టైలరుదేనని ఒప్పేసుకున్నాడు.

అయినా మాస్టారు వినలేదు. లేచి వచ్చి లైను చూశాడు. వంగి చూశాడు. ఆ చివరకు వెళ్లి మళ్లీ చూశాడు. టైలరు రాకెట్టు చంకలో పెట్టుకుని, నీళ్లు తాగుతూనే వాదించాడు. మూడు నిమిషాలు గడిచిపోయాయి.

"సరే, పదిహేనే. ఆడండి," అన్నాడు చివరికి మాస్టారు.

ఎప్పుడూ ఇదే వరస. ఆట మంచి రంజు మీదున్నప్పుడే ఆయన లెక్క తప్పుతుంది. వాదించి వాదించి, ఆఖరికి పాయింటు టైలరుకే ఇచ్చేస్తాడు. ఆ మాత్రం దానికి ఆపడం దేనికో!

ఆయన ఇంతకుముందు ఏం చేసేవాడో ఎవరూ అడగలేదు. రిటైరై ఆ వీధికి కొత్తగా వచ్చాడు. మోకాళ్ల నొప్పులు, ఆడలేను, స్కోరు రాస్తానన్నాడు. రాయనిచ్చారు. ఆ పేరు పెట్టింది మాత్రం టైలరే.

ఇంకో సంగతి కూడా టైలరుకు గిట్టేది కాదు. ఆ మనిషి కాక్ వైపు చూడడు. టైలరు మెడ వైపు చూస్తాడు.

"నా కాలరుకు వంకలు వెతుకుతున్నాడే," అన్నాడు ఒకరోజు భార్యతో. "ఇరవై ఏళ్లుగా కుడుతున్నా. ఒక్క కుట్టు వంకరపోయిందని చూపించమను, మిషను అమ్మేస్తా!"

భార్య నవ్వింది. మొగుడు ఇంటికొచ్చి ఇలా కబుర్లు చెప్పడమే ఆమెకు పదివేలు.

నాలుగు నెలల కిందటి దాకా ఆ ఇంట్లో కుట్టుమిషను ఒక్కటే మాట్లాడేది. పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా లేచేవాడు కాదు. నిద్ర లేదు, ఆకలి లేదు. అయినదానికీ కానిదానికీ విసుక్కునేవాడు.

డాక్టరు పరీక్షలన్నీ చేశాడు. "గుండె కాస్త బలహీనంగా ఉంది. రోజూ కాసేపు ఆడండి. నలుగురితో కలవండి. ఆయాసం వస్తే మాత్రం వెంటనే ఆగండి," అన్నాడు.

మొదటి రెండూ టైలరు పొల్లుపోకుండా పాటించాడు. మూడోది చెవిన పెట్టలేదు. మధ్యలో ఆగితే ఓడినట్టేనని ఆయన మతం. "ఇన్నాళ్లు ఆడినా ఏమైంది?" అని భార్య నోరు మూయించేవాడు.

లైను దగ్గర గొడవైన ఆ రోజు ఆట ముగిశాక తేల్చి చెప్పేశాడు.

"రేపటి నుంచి ఈయన రాస్తే నేను ఆడను."

మాస్టారు సుద్దముక్క తెచ్చి, ఆట చూస్తున్న బేకరీ ఆయన చేతిలో పెట్టాడు.

"మధ్యమధ్యలో ఈయన్ని కాస్త ఆపుతూ ఉండండి," అన్నాడు.

"ఇన్నాళ్లూ మీరు ఆపింది చాల్లెండి," అన్నాడు టైలరు. అందరూ నవ్వారు.

మర్నాడు బేకరీ ఆయన లెక్క ఒక్కటీ తప్పలేదు. ఆట ఎక్కడా ఆగలేదు.

"పద్దెనిమిది, పదిహేడు," అన్న మాట టైలరుకు లీలగా వినిపించింది. చేతిలోంచి రాకెట్టు జారిపోయింది.

కళ్లు తెరిచేసరికి ఆసుపత్రి మంచం. భార్య చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంది.

"గండం గడిచిందట," అంది. అంతసేపూ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు ఏడ్చింది.

డాక్టరు కూడా తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"నాలుగు రోజుల్లో ఇంటికెళ్లొచ్చు. తగ్గాక మెల్లగా ఆడుకోవచ్చు కూడా. కానీ ఈ గుండెతో నాలుగు నెలలు ఆగకుండా ఎలా ఆడారో నాకు అంతుబట్టడం లేదు."

"ఆగకుండా ఎక్కడండీ? పది నిమిషాలకోసారి లెక్క తప్పి ఆపేసే మహానుభావుడు ఒకాయన ఉండేవాడు," అన్నాడు టైలరు.

ఆ సాయంత్రం మహానుభావుడే వచ్చాడు. చడీచప్పుడు లేకుండా వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. టైలరుకు సిగ్గేసింది. ఆయన చూపు మళ్లీ మెడ మీదే ఉంది.

"ఇది ఆసుపత్రి చొక్కా అండీ. దీనికి కాలరే లేదు," అన్నాడు టైలరు.

మాస్టారు గోడ గడియారం వంక చూశాడు. మళ్లీ మెడ వంక చూశాడు. ఆయన ముఖం విప్పారింది.

"డెబ్బై రెండు," అన్నాడు.

"ఇరవై ఒకటికే కదండీ ఆట అయిపోయేది! మళ్లీ తప్పారు," అంటూ టైలరు మనసారా నవ్వాడు.

ఆ పక్క మెషిను తనవైపు తిప్పుకుని అంకెలు రాసుకుంటున్న నర్సు చటుక్కున చెయ్యి ఆపింది. తెర మీద డెబ్బై రెండే ఉంది. ఎవరా అని తలెత్తి చూసి, గబుక్కున లేచి మాస్టారికి తన కుర్చీ వేసింది.

"ఈయన తప్పడమా?" అంది టైలరుతో. "ముప్పై ఏళ్లు ఇదే వార్డులో హెడ్ నర్సుగా చేశారు. మెషిను తప్పు చూపించిన రోజులున్నాయి గానీ, మెడ మీద నరం చూసి ఈయన చెప్పిన గుండె లెక్క ఒక్కనాడూ తప్పలేదండీ!"