లంక వేసిన మొదటి ఓటు

ఏటి నడుమనున్న లంకను ఆ వేసవిలోనే అడవిలో కలుపుకున్నారు. అడవికి పెద్దను ఎన్నుకునే రోజు రాగానే, లంకలోని ముసలి తాబేలు డిప్పమ్మ పొద్దున్నే ఏట్లోకి దిగి ఈదింది.

అవతలి ఒడ్డున నక్క ఎదురైంది. "ఎందుకవ్వా ఈ ఆయాసం? ఏనుగు గెలుపు ఎప్పుడో ఖాయమైపోయింది. నువ్వు ఓటుగా వేసే ఒక్క గులకరాయితో ఏమవుతుంది?"

"ఏమవుతుందో వేసి చూస్తాను నాయనా," అంటూ డిప్పమ్మ ముందుకు సాగింది.

పొద్దు వాలేలోగా ఓట్లు వేసే చోటికి చేరుకోవాలని దారంతా ఎక్కడా ఆగకుండా నడిచింది. చేరింది. ఓ గులకరాయిని నోట కరుచుకుని, తను మెచ్చిన దుప్పి పేరిట తవ్విన గుంటలో జారవిడిచింది. అది టక్కున పడిన చప్పుడుకి ఒళ్లంతా పులకరించింది.

చివరికి ఏనుగే గెలిచింది. అయినా డిప్పమ్మ లంకకు తిరిగొచ్చి, కప్పలన్నిటినీ పోగేసి పాటలు పాడించింది.

"మన దుప్పి ఓడిపోయింది కదా అవ్వా, మరి ఈ సంబరమేంటి?" అంది ఓ కప్ప.

"ఇన్నాళ్లూ ఎవరు గెలిచారో మనకు చెప్పేవాళ్లంతే పిచ్చిదానా! ఎవరు గెలవాలో అడిగింది మాత్రం ఇవాళే," అంది డిప్పమ్మ. గొంతు బొంగురైనా సరే, తనూ పాట అందుకుంది.