రెండింటి నుంచి మూడింటి దాకా

కేసు లేకుండా జైల్లో పెట్టిన ప్రతి మనిషి చేతికీ ఒక పట్టీ, బయట అతని కోసం ప్రార్థించేవాళ్ళ చేతికి దాని జత. అతని గుండె మాకూ, మా గుండె అతనికీ తెలుస్తుంది. ఈ చట్టం ఊరికే రాలేదు. మా చర్చి ఆడవాళ్ళు కలెక్టరాఫీసు ముందు నలభై రోజులు ఉపవాసముంటే వచ్చింది. గుండె అదిరితే లోపల కొడుతున్నట్టే. వెంటనే ఫోన్ చేస్తాం.

మా వంతుకు వచ్చిన మనిషి ఖాసిం. పద్నాలుగు నెలలుగా లోపలే ఉన్నాడు. మాలో ఎవరమూ అతన్ని చూడలేదు. గొలుసు ప్రార్థనలో గంటకొకరం ఆ పట్టీ కట్టుకుంటాం.

రెండింటి నుంచి మూడింటి దాకా దీవెనమ్మది. ఆ రోజు ఆలస్యమైందని రొయ్యల షెడ్డులోకి పరుగెత్తుకొచ్చి, రొప్పుతూనే కట్టుకుంది. కాసేపటికే పట్టీ దడదడలాడింది.

"కొడతన్నారే ఆయన్ని," అంటూ స్పీకర్ పెట్టి జైలుకు ఫోన్ చేసింది. "అయ్యా, ఖాసింని ఏం చేత్తన్నారండి?"

"ఎవరూ ముట్టుకోలేదమ్మా," అన్నాడు జవాను. "అతనే తలుపు బాదుతున్నాడు. బయట పట్టీ కట్టుకున్న ఆ తల్లినెవరో కొడుతున్నారు, వెళ్ళి ఆపండి సార్ అంటున్నాడు."

షెడ్డులో రొయ్యలు ఒలిచే చేతులన్నీ ఆగిపోయాయి. దీవెనమ్మ ఐసు పెట్టె మీద కూలబడి, కళ్ళు మూసుకుని, మెల్లగా ఊపిరి తీసుకుంది. ఆమె మణికట్టు మీద అతని గుండె కూడా నెమ్మదించింది.