మూడో తాళం

“ముందా చీటీ పీకి అవతల పారెయ్ అక్కా, చూడలేక చస్తున్నాను!”

మేనమామ తను తెచ్చిన ఖాళీ అట్టపెట్టెను గుమ్మం దగ్గర దించి, కంప్యూటర్ తెర అంచుకు అంటించిన చీటీని వేలితో చూపించాడు. దాని మీద బావ వంకరటింకర రాత: “ఈ వారం ఇంటర్నెట్ తాళం. ఆగిన గడియారం. అమ్మ చెప్పుల సైజు. వెనక్కి.”

“పాస్‌వర్డ్ పెట్టినవాడే దాని గుట్టు రాసి అక్కడే అంటిస్తాడా? ఇంటికి తాళం వేసి చెవి గుమ్మానికి వేలాడదీసినట్టుంది!”

“మీ బావకి మతిమరుపురా. రాసుకోకపోతే రేపు ఆయనే తెరవలేరు,” అంది అక్క బట్టలు మడతపెడుతూ.

స్కూలు స్కూలుకీ తిరిగి ‘పిల్లలు – కంప్యూటర్ – జాగ్రత్తలు’ అని ఉపన్యాసాలివ్వడం మేనమామ వృత్తి. సొంతంగా ఒక శిక్షణ కేంద్రం కూడా పెట్టాడు. ఊరి పిల్లలందరినీ ఉద్ధరిస్తున్న మనిషికి సొంత మేనకోడలి సంగతే కొరుకుడు పడలేదు. పదో తరగతి పిల్ల నాలుగు విషయాలు నేర్చుకుంటుందని ఆర్నెల్ల కిందట ఆ కంప్యూటర్ ఇచ్చింది తనే. తాళాలు బాగుచేసే బావ దానిక్కూడా తాళం వేసి కూర్చున్నాడు. ఆయనకు తెలిసిన విద్య అదొక్కటే మరి. అందుకే ఈ రోజు కంప్యూటర్నీ, పిల్లనీ తన కేంద్రానికి తరలించేయాలని పెట్టెతో సహా దిగాడు.

ఇంతలో పిల్ల స్కూలు నుంచి వచ్చింది. సంచి దించకుండానే చీటీ చదివింది. గోడ మీద ఆగిపోయిన గడియారం వైపు ఒక చూపు చూసి, గుమ్మంలో ఉన్న తల్లి చెప్పు తిరగేసి, టకటకా ఏవో అంకెలు కొట్టింది. ఇంటర్నెట్ వచ్చేసింది.

“చూశావా! తండ్రి వేసిన తాళం కూతురు తీసేస్తుంటే నువ్వు చోద్యం చూస్తున్నావు!”

“వారానికొకటి వేస్తారు. వారానికొకటి తీస్తుంది. ఆయనకి రోషం రాదు, దీనికి విసుగు రాదు,” అంది అక్క.

“ఇది తేలికే మావయ్యా. మూడో తాళమే నన్ను చంపేసింది,” అంది పిల్ల. “నాన్నకి ఇంగ్లీషు ‘ఓ’కీ సున్నాకీ తేడా తెలీదు. ‘ఓ’ ఉండాల్సిన చోట సున్నా కొట్టేశాడు. అది కనిపెట్టేసరికి రెండు రోజులు పట్టింది.”

మేనమామ పొట్ట పట్టుకుని నవ్వాడు.

“ఏడోసారి అయితే అక్షరాలన్నీ తారుమారు చేసేశాడు. అవి ఎన్ని రకాలుగా మారొచ్చో వరసగా చూపించే ప్రోగ్రాం రాసుకోవాల్సొచ్చింది.”

“ప్రోగ్రామా? ఎవరు నేర్పారే?”

“ఎవరు నేర్పుతారు? లైబ్రరీ పుస్తకం చూసి నేనే రాశాను. నాన్న తప్పులు కొట్టకుండా ఉంటే నాకీ తిప్పలుండేవా!”

అప్పుడే మేనమామ ఫోన్ మోగింది. ‘మీ పార్సెల్ ఆగిపోయింది. వెంటనే ఇక్కడ నొక్కండి’ అని సందేశం. ఉపన్యాసానికి తెప్పించుకుంటున్న మైకు అదేనేమోనని ఆయన కంగారుగా వేలు పెట్టబోయాడు. పిల్ల గబుక్కున చెయ్యి పట్టుకుంది.

“నొక్కొద్దు మావయ్యా! లింకులో కంపెనీ పేరు చూడు, ‘ఓ’ బదులు సున్నా ఉంది. అది దొంగది.”

కళ్లజోడు సవరించుకుని చూశాడు. సున్నాయే.

“నాకు తెలుసులే. నిన్ను పరీక్షిద్దామనీ...” అని సర్దుకున్నాడు. పిల్ల ముందు చిన్నబోయినందుకు ఆయన పట్టుదల రెట్టింపయింది. “తెలివైన పిల్లవే. ఇక్కడుంటే చెడిపోతావు. కంప్యూటర్ నా కేంద్రంలో పెడతాను. రేపట్నుంచి అక్కడికే రా.”

పిల్ల కంప్యూటర్‌కి అడ్డంగా నిలబడింది. “నేను బొమ్మల సినిమా తీస్తున్నాను మావయ్యా. సగంలో ఉంది. అక్కడ చేసుకోనిస్తారా?”

“మా దగ్గర సొంత పనులు కుదరవమ్మా. భద్రత కోసం.”

పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి చూస్తే మనసు మెత్తబడుతుందని ఆయన గబగబా ఇంటి ముందు భాగంలో ఉన్న దుకాణంలోకి నడిచాడు.

బావ తలెత్తకుండా తాళంచెవికి ఆకురాయి పెడుతున్నాడు.

“బావా, నువ్వేసిన తాళాలన్నీ నీ కూతురు తీసి పారేస్తోంది. తెలుసా?”

“అలాగా?”

“అలాగా అంటావేంటి! ఎవరైనా ఇలాగేనా పెంచేది? నేను పద్ధతిగా నేర్పిస్తాను. కంప్యూటర్ తీసుకెళ్తున్నాను.”

“మీ దగ్గర ఎలా నేర్పుతారు?”

“నలభై స్లైడ్లు. చివర్లో సర్టిఫికెట్.”

“పిల్లలేం చేస్తారు?”

“చూస్తారు.”

“చూసి?”

“చప్పట్లు కొడతారు!” మేనమామకు చిర్రెత్తుకొచ్చింది. “‘ఓ’కీ సున్నాకీ తేడా తెలియని నీకు ఇవన్నీ ఎలా చెప్పను బావా?”

బావ ఆకురాయి పక్కన పెట్టాడు. కోపం లేదు, నవ్వూ లేదు.

“నిజమేనోయ్. నువ్విచ్చిన కంప్యూటర్, నీ ఇష్టం. తీసుకెళ్తున్నట్టు ఒక ముక్క రాసి పెట్టు, నేను మర్చిపోతాను. అదుగో, ఆ బల్ల మీద పుస్తకంలో రాయి,” అని, గుమ్మంలో నిలబడ్డ మనిషి చేతిలో తాళం అందుకోవడానికి వెళ్లాడు.

మతిమరుపు మనిషితో గెలవడం ఎంత తేలికో అనుకుంటూ మేనమామ కలం తీశాడు. ఖాళీ పేజీ కోసం పుస్తకం తిరగేస్తుంటే అదే వంకరటింకర రాత కనిపించింది. చదివి ఇంకోసారి నవ్వుకుందామని ఆగాడు.

“మూడో పాఠం: ‘ఓ’ బదులు సున్నా పెట్టాలి.”