కాపడం సంచి

ఆడపడుచు పొద్దున్నే పెట్టె సర్దుకుని హాస్టల్‌కి వెళ్లిపోయింది. పీడ విరగడైందనుకున్నాను.

రోజంతా ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి ఇల్లు చేరేసరికి కాళ్లు పీకేస్తున్నాయి. కాపడం సంచి కోసం మంచం మీద తడిమాను.

అందులో నీళ్లలాంటి మందు, ఓ చిన్న రేకు ఉంటాయి. రేకుని టక్కున నొక్కితే చాలు, ఆ మందు తెల్లటి స్ఫటికాలై గట్టిపడుతూ వేడెక్కుతుంది. తెల్లారేసరికి చల్లటి రాయైపోతే మంచం మీదే పడేసి పనికి పోయేదాన్ని. సాయంత్రానికి దానంతటదే కరిగి మళ్లీ నీళ్లయ్యేది.

ఇవాళ కరగలేదు. రాయిలాగే ఉంది.

మాటలు మానేసి నెలలైనా, ఒళ్లు మండి ఆడపడుచుకే ఫోన్ చేశాను. "పోతూ పోతూ నా సంచి కూడా పాడుచేసి పోయావా?"

"అయ్యో, సర్దుకునే హడావిడిలో ఇవాళ మర్చిపోయాను వదినా! మరిగే నీళ్లలో వేసి దగ్గరుండి చూడు. ఒక్క పలుకు మిగిలినా, చల్లారేటప్పుడు మొత్తం మళ్లీ గడ్డకట్టేస్తుంది."

పొయ్యి మీద గిన్నె పెట్టి పక్కనే నిలబడ్డాను. ఆఖరి పలుకు కరగడానికి ఎంతసేపు పడుతుందో ఇవాళే తెలిసింది.