తడి తగలకూడని అద్దం

"దాని మీద తడి గుడ్డ పెట్టావో, చెయ్యి విరగ్గొడతాను" అన్నాడు టైలర్.

నిచ్చెన మీదున్న బావమరిది కిందికి చూశాడు. అతని ఒక భుజం మీద తడి గుడ్డ, ఇంకో భుజం మీద పొడి గుడ్డ. "నేనెప్పుడైనా నీ కుట్టుమిషన్ మీద చెయ్యేశానా బావా? మరి నా అద్దాల్లో నువ్వెందుకు వేలు పెడతావు?"

"మిగతావన్నీ నీ ఇష్టం. ఇస్త్రీ బల్ల పక్కనున్న ఆ ఒక్క కిటికీ అద్దాన్ని మాత్రం లోపలివైపు తడపొద్దు. పొడి గుడ్డతో పైపైన దుమ్ము దులుపు, చాలు."

"ఎందుకు?"

"ఎందుకంటే ఎందుకు. చెప్పింది చెయ్యరా."

బావమరిది తల కొట్టుకున్నాడు. అక్క ఉంటే ఈపాటికి ఇద్దరినీ కలిపి తిట్టేది. ఆమె పోయిన దగ్గర్నుంచి బావకు ఇలాంటి పట్టింపులు ఎక్కువయ్యాయి. ఆమె కూర్చుని ఇస్త్రీ చేసిన స్టూలును కూడా ఆ అద్దం పక్కనుంచి జరపనివ్వడు.

ఇవాళ మాత్రం పట్టింపులు చెల్లే రోజు కాదు. వీధిలోని దుకాణాల సంఘం ప్రెసిడెంటు కాసేపట్లో వస్తాడు. ఇక్కడి అద్దాలు ఆయనకు నచ్చితే వీధి మొత్తం అద్దాల పని ఇతనిదే. నచ్చకపోతే మళ్ళీ బకెట్ పట్టుకుని గడపగడపా తిరగాల్సిందే. "మా బావమరిది పనితనం మా దుకాణంలోనే చూడండి" అని ప్రెసిడెంటును ఒప్పించి రప్పిస్తున్నదీ ఈ బావే. దారి చూపించి, ఆ దారికే అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చునే మనిషితో ఏం బేరమాడతాం?

మిగతా అద్దాలన్నీ సబ్బు నీళ్ళతో కడిగి, రబ్బరు వైపరుతో పైనుంచి కిందికి లాగాడు. అంచుల్లో సన్నటి నీటి చారలు మిగిలాయి. పనివాడెవరో కానివాడెవరో తేలేది అక్కడే. పొడి గుడ్డ పెడితే చార పోతుంది గానీ నూగు అంటుకుంటుంది. నీళ్ళోడే గుడ్డ పెడితే పాత చార పోయి కొత్త చార పడుతుంది. తడిపి, గట్టిగా పిండిన గుడ్డతో అంటీ అంటనట్టు అంచు వెంబడి ఒక్క లాగు లాగాలి. లాగాడు. అక్కడ అద్దం ఉందో లేదో తెలియనట్టయింది.

చివరికి ఇస్త్రీ బల్ల దగ్గరికి వచ్చాడు. మాట ప్రకారం పొడి గుడ్డే తీశాడు. దుమ్ము పోయింది. పక్కకి వంగి వెలుతురుకు ఎదురుగా చూశాడు. అద్దం నడుమ జిడ్డు. ఎవరో వేలితో పులిమినట్టు వంకర టింకర గీతలు. పొడి గుడ్డకు జిడ్డు లొంగదు. ప్రెసిడెంటు కళ్ళజోడు సర్దుకుని వెతికేది సరిగ్గా ఇలాంటివే.

వెనక్కి తిరిగి చూశాడు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని, గుమ్మం దగ్గర ఎవరి చొక్కాకో కొలతలు తీస్తున్నాడు బావ.

'ఒకపక్క వీధంతా. ఇంకోపక్క ఈయన చాదస్తం. దీనికి తక్కెడ కూడా ఎందుకు?' అనుకున్నాడు బావమరిది. భుజం మీది తడి గుడ్డ తీసి అద్దమంతా తుడిచేశాడు. తళతళలాడింది.

ప్రెసిడెంటు వచ్చి ప్రతి అద్దం ముందూ ఆగాడు. వంగి చూశాడు, గోటితో అంచులు గీరి చూశాడు. ఇస్త్రీ బల్ల దగ్గర ఇంకాస్త ఎక్కువసేపే నిలబడ్డాడు. "ఇందులో చూసుకుని తల దువ్వుకోవచ్చయ్యా" అన్నాడు, దువ్వడానికేమీ లేని తల నిమురుకుంటూ. "రేపట్నుంచి వీధంతా నువ్వే చూసుకో."

ఆయన మలుపు తిరిగేదాకా ఇద్దరూ బుద్ధిగా నిలబడ్డారు. తర్వాత బావమరిది బావను అమాంతం ఎత్తేశాడు.

"దింపరా, సూదులు మింగేస్తాను!" టైలర్ నవ్వుతూ విడిపించుకున్నాడు. అక్క పోయాక ఆయన అలా నవ్వడం ఇదే మొదలు. "ఇలా రా. నీకొకటి చూపించాలి. చూస్తే తట్టుకోలేవని ఇన్నాళ్ళూ దాచాను. ఇవాళ చూడొచ్చు."

ఇస్త్రీ బల్ల మీద ఒక ప్యాంటు పరిచాడు. దాని మీద తడి గుడ్డ వేసి, కాలిన ఇస్త్రీపెట్టె ఆనించాడు. సుయ్‌మని ఆవిరి లేచి పక్కనున్న అద్దాన్ని కమ్మేసింది. అద్దం తెల్లబడింది.

టైలర్ అద్దం వైపు చూస్తూ నిలబడ్డాడు. మళ్ళీ గుడ్డ తడిపి మళ్ళీ నొక్కాడు. ఆవిరి దట్టంగా పట్టి, బొట్లుబొట్లుగా జారింది. అద్దం తెల్లగా, ఖాళీగా ఉంది.

"ఏం కనిపించాలి బావా?" బావమరిది అద్దం దగ్గరికి వంగాడు.

టైలర్ చూపు అతని భుజం మీదికి వెళ్ళింది. తడి గుడ్డ మీద జిడ్డు మరక నల్లగా కనిపిస్తోంది. ఆయన కోప్పడలేదు. ఇస్త్రీపెట్టెను నిలబెట్టి స్టూలు మీద కూలబడ్డాడు.

"ఆవిరి పట్టినప్పుడల్లా పైకి తేలేదిరా, మీ అక్క వేలితో గీసిన బొమ్మ" అన్నాడు మెల్లగా. "మన వీధంతా వరసగా దుకాణాలు... నిచ్చెన మీద, భుజానికో గుడ్డ వేసుకుని, నువ్వు."