ఆదివారం ముక్క

"ఆ రహస్యమేదో చెప్పేదాకా నేను ఇక్కణ్ణుంచి కదలను అత్తయ్యా!"

కోడలు ఆపిల్ ముక్కలు పెట్టి ఒవెన్‌లో కాల్చిన 'ఆపిల్ పై' ఉన్న గుండ్రటి పళ్ళేన్ని భోజనాల బల్ల మీద ఠంగుమని పెట్టింది. చేతిసంచీ పక్కన పడేసింది.

అత్తగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. సోమవారం పొద్దున్నే, చెప్పాపెట్టకుండా, తనతో మాటల్లేని కోడలు తలుపు తోసుకుని వచ్చేస్తే ఏ అత్తగారైనా అదే పని చేస్తుంది.

"ఏ రహస్యమే?"

"ఆపిల్ పై మీద చల్లుతారే, ఆ పొడి! పిండి, వెన్న, చక్కెర సరే. ఇంకేం కలుపుతారు? ఆయన్ని కనుక్కోమంటే 'అమ్మ చెప్పదు, అది ఆవిడ చేతి మహిమ' అంటారు. చెబితే మీ సొమ్మేం పోయింది?"

"పొడేమిటి, నేను కలపడమేమిటి?"

"చూశారా, ఏమీ ఎరగనట్టు!"

కోడలు గొంతు పెంచింది. కోపమనే అనుకుంది గానీ అందులో సగం ఏడుపే. ఆమె కోరిక పెద్దదేం కాదు. ఆదివారం మధ్యాహ్నం మొగుడు ఇంట్లో ఉండాలి, అంతే. వారమంతా ఆఫీసుకి అతుక్కుపోయే మనిషి, ఆదివారం భోంచేసి చెయ్యి కడుక్కోగానే "అమ్మ ఆపిల్ పై చేసి ఎదురుచూస్తుంటుంది" అంటూ స్కూటరెక్కేస్తాడు. చీకటి పడ్డాక వస్తాడు, చొక్కా నిండా వెన్న వాసనతో, చేతిలో ఆమె వంతు ముక్కతో. పాడు ముక్క, తిట్టుకుంటూ తిన్నా బాగుంటుంది. పైన ఆ పొడి నోట్లో కరకరలాడి, అంతలోనే కరిగిపోతుంది. తనూ అలాగే చేసి పెడితే మొగుడు ఇల్లు కదలడని ఆమె ఆశ. ఆ ఆశకి ఎన్ని ఆపిళ్ళు బలైపోయాయో!

"నాకు చేతనైపోతే మీ అబ్బాయి ఇటు రావడం మానేస్తాడని మీ భయం. అవునా, కాదా?"

"ఆ వచ్చే రాకకి మానడం కూడానా?" అత్తగారు అదోలా నవ్వింది.

ఆ నవ్వుకి కోడలి కడుపు మండిపోయింది. అత్తగారు మాత్రం తాపీగా కూర్చుని, చెంచా తీసుకుని, "ఏదీ, చూడనీ" అంటూ పళ్ళెం ముందుకు లాక్కుంది. పైన పొడి గడ్డకట్టి చెంచాకి లొంగలేదు. గట్టిగా పొడిస్తే ఒక పెళ్ళ ఊడి బల్ల మీద పడింది. అడుగున పిండి పచ్చిగా సాగింది. ఆవిడ కాస్త నోట్లో వేసుకుని మొహం అదోలా పెట్టింది.

"పైన రాళ్ళు, అడుగున బురద. నిన్నటిది అంత బాగా చేశావు, ఇవాళ్టిది ఇలా అఘోరించిందేమే?"

"నిన్నటిదేమిటి? నిన్న నేనేం చెయ్యలేదు."

అత్తగారు లేచి వెళ్ళి ఫ్రిజ్‌లోంచి చిన్న డబ్బా తెచ్చి మూత తీసింది. అంచున కాస్త మాత్రం గిల్లిన ముక్క ఒకటి అందులో ఉంది. దాని మీద బంగారు రంగులో పొడి పలుకులు పలుకులుగా నిలబడి ఉంది.

"మరి ఇదెవరు చేశారు? ఆదివారం ఆదివారం నువ్వు పంపేదే కదా! నామీద ఎంత కోపమున్నా తిండి దగ్గర మాత్రం మర్చిపోదు పిచ్చిది, అనుకుంటుంటాను. బాగుందని నీకు చెప్పమంటాను కూడా. చెప్పడూ?"

కోడలు డబ్బా దగ్గరికి లాక్కుని లోపలికి తొంగిచూసింది.

"నాకు కోపమని ఎవరన్నారు? నా మొహం చూడనన్నది మీరట కదా?"

"నేనా? నా గుమ్మం తొక్కనన్నది నువ్వట!"

అటు మాట ఇటు, ఇటు మాట అటు మోసింది ఒక్కడే. ఇద్దరికీ అది ఒక్కసారే తట్టింది. ఒకరి మొహం ఒకరు చూడలేక ఇద్దరూ ఆపిల్ పై వంక చూశారు.

"మధ్యాహ్నమంతా మీ దగ్గరే ఉంటారుగా?" కోడలు అడిగింది. ఇంకా ఎక్కడో చిన్న ఆశ.

"నా దగ్గరా? పొద్దుగూకే వేళకొస్తాడు. స్కూటరన్నా ఆపడు. డబ్బా చేతిలో పెట్టి, 'అది ఎదురుచూస్తుంటుందమ్మా' అని వెళ్ళిపోతాడు."

కోడలు గబగబా వంటింట్లోకి వెళ్ళి ఒవెన్ తలుపు లాగింది. లోపల మూకుళ్ళు, మూతలు, చెయ్యి విరిగిన పెనం ఒకదాని మీద ఒకటి కుక్కి ఉన్నాయి. ఒక మూత జారి నేల మీద గిర్రున తిరిగింది.

"అది పాడై ఎన్నాళ్ళయిందో! సామాన్లు పెట్టుకుంటున్నా" అంది అత్తగారు వెనకనుంచి. "అయినా ఆపిల్ పై చెయ్యడం నాకెప్పుడొచ్చు గనకే?"

కోడలు జారిన మూతని ఒవెన్‌లోకి తోసి తలుపు మూసింది. వెనక్కి వచ్చి తన సంచీలోంచి ఇంకో డబ్బా తీసింది. అత్తగారి ఎదుట రెండూ పెట్టి రుచి తేడా అడుగుదామని తినకుండా దాచి తెచ్చుకున్న నిన్నటి ముక్క అది. అత్తగారి ముక్క పక్కన పెట్టింది. కోసినవాళ్ళ కత్తి కాస్త వంకరగా దిగింది, ఆ వంకర రెండు ముక్కల్లోనూ ఉంది. తెగిన ఆపిల్ బద్ద సగం ఇందులో, సగం అందులో. దగ్గరికి జరిపితే రెండూ చక్కగా అతుక్కున్నాయి.

కోడలి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ ఈ ముసలావిడ మీద పడి ఏడ్చింది! అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. అతికిన ముక్కల్నీ, కోడలు తెచ్చిన గుండ్రటి పళ్ళేన్నీ మార్చి మార్చి చూసింది.

"మనిద్దరికీ కలిపి పావు వంతే పంచాడే" అంది. "మిగతా ముప్పావూ ఎవరింట్లో కూర్చుని తినొస్తున్నాడు?"